నడిమి బంతి ఎవరిది

ఆ కాలంలో కోడలు ఇంట్లో ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పేవాళ్లు కాదు, దానంతట అదే తెలిసిపోయేది. అత్త వసారాలో ఉంటే మనం తలుపు చాటున, అత్త కూర్చుంటే మనం నిలబడి, అత్త నడుస్తుంటే మనం నాలుగడుగులు వెనక. ముందుకు పోయి ఆవిడకు వీపు చూపించామా, అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు, నవ్వాల్సిందే. వంటింట్లోనూ, పొలం గట్టు మీదా ఆ అలవాటు వల్ల ఎవరికీ నష్టం రాలేదు. ఒక్క బ్యాడ్మింటన్ ఆటలో మాత్రం మా కొంప ముంచింది. అత్తాకోడళ్లకు బ్యాడ్మింటన్ ఏమిటి అంటారేమో. నేనూ అప్పుడు అదే అన్నాను (మనసులోనే లెండి, పైకి అనే ధైర్యం ఎక్కడిది).

మా పుట్టిల్లు గూడూరు. మా నాయన నిమ్మకాయల మండీలో పని చేసేవాడు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత పగలంతా మా పిన్ని ఇంట్లోనే ఉండేదాన్ని. ఆమెకు కుట్టు మిషను ఉండేది. దాని పక్కన కూర్చుని కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి, రెండేళ్లలో జాకెట్టు కత్తిరించడం దాకా వచ్చాను. అక్కణ్ణించి నన్ను అల్లూరికి తూర్పున, సముద్రానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఊరికి కోడలిగా పంపించారు. వరి పొలాలు తప్ప మరొకటి లేని ఊరు. అక్కడ నేను నాటిన నారు వంకర పోయేది. నేను చెరిగిన బియ్యంలో బియ్యం కింద, పొట్టు నా నెత్తిన ఉండేది. మా అత్త నన్ను ఒక్క మాట అనలేదు. వచ్చి, నేను చేసిన పనంతా మళ్లీ మొదటి నుంచి తను చేసి వెళ్లిపోయేది. తిట్టినా బాగుండేదనిపించేది. నెలలు గడిచినా, ఆ ఇంట్లో ఇది నాకు బాగా వచ్చు అని చూపించుకోవడానికి నా దగ్గర ఏమీ లేకుండా పోయింది. చేతులున్నాయి, వాటికి పని లేదు. రాత్రి పడుకుంటే పిన్ని మిషను చప్పుడు చెవుల్లో వినపడేది.

బ్లాకు ఆఫీసు కొత్తగా వచ్చిన రోజులవి. అందులో నుంచి ఒక గ్రామసేవిక సైకిలు మీద మా ఊరికి వచ్చేది. మేమందరం సేవికమ్మ అనేవాళ్లం. ఆమె సైకిలు దిగుతుంటే చూడటానికే సగం ఊరు వచ్చేది. ఆమె మా ఊళ్లో ఒక మహిళా మండలి, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పాళెంలో ఒక మహిళా మండలి పెట్టించింది. మా మండలికి మా అత్త ప్రెసిడెంటు (ఊళ్లో పెద్ద పందిరి మా ఇంటి ముందే ఉండేది, ఆ పదవికి అదే అర్హత). పాళెం మండలికి గంపక్క ప్రెసిడెంటు. గంపక్క అంటే రోజూ పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని మా వాకిట్లో దించే మనిషి. ఆమెకూ మా అత్తకూ బేరం మొదలైతే కాకులు కూడా కాసేపు ఊరుకునేవి.

ఒకరోజు సేవికమ్మ చల్లగా ఒక కబురు చెప్పింది. బ్లాకు వాళ్లు కుట్టు మిషను ఇస్తున్నారట. రెండు మండళ్లకూ కలిపి ఒక్కటే. ఎక్కడ పెట్టాలో మీరే తేల్చుకోండి అంది. నాలుగు మీటింగులు జరిగాయి. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ పెడదామని సేవికమ్మ అంటే, "అదేమన్నా పుట్టింటికి పొయ్యొచ్చే కోడలా?" అంది మా అత్త. "ఉప్పుగాలికి తుప్పు పడతాదని మా మిషను మీరు ఉంచుకుంటారా? మాకు పట్టిందా తుప్పు?" అంది గంపక్క. నేను స్తంభం పక్కన నిలబడి గుండె చిక్కబట్టుకుని వింటున్నాను. మిషను మా పందిట్లోకి వస్తే చాలు, ఒక్క మధ్యాహ్నం చాలు, నేనేమిటో మా అత్తకు చూపించగలను. ఆ మాట ఎవరితో అనగలను?

ఎంతకీ తెగకపోయేసరికి సేవికమ్మ ఆటల పెట్టె తెరిచింది. అందులో ఒక నెట్టు, నాలుగు బ్యాట్లు, పసుపుపచ్చ ఉన్ని దారంతో చుట్టిన బంతులు డజను. ఆమె ట్రైనింగులో ఉన్నప్పుడు బాల్ బ్యాడ్మింటన్ బాగా ఆడేదట. "మీ ఊరి నుంచి ఇద్దరు, పాళెం నుంచి ఇద్దరు. బంతి నేలను తాకితే అవతలివాళ్లకు ఒక పాయింటు. ముందు ఇరవై తొమ్మిది ఎవరు చేరితే మిషను వాళ్లది. నెల రోజులు టైము," అని చెప్పి సైకిలెక్కింది.

మా మండలిలో ఒకామెకు నెలలు నిండాయి, ఒకామె మొగుడు ఒప్పుకోలేదు, మిగిలినవాళ్లకు సిగ్గు. చివరికి మా అత్త, "నేను ఆడతా," అంది. వడిసెల తిప్పి కంకుల మీది పిట్టల్ని తోలిన చెయ్యి ఆవిడది. రాయి వేస్తే మూడు మళ్ల అవతల పడేది. రెండో మనిషి ఎవరు అనేసరికి అందరూ నా వైపు చూశారు. ఊళ్లో ఇంకే పనికీ అక్కరకు రాని చేతులు నావొక్కటే కదా.

కళ్లం చదును చేసి అక్కడ గీతలు గీయమంది సేవికమ్మ. సున్నం లేదని మా వాళ్లు ముగ్గుపిండితో గీశారు. గీసిన చేతులు ఊరుకుంటాయా, నాలుగు మూలలా నాలుగు పద్మాలు, నడుమ ఒక పెద్ద చుక్కల ముగ్గు వేశారు. మరుసటి రోజు ఆడబోతే ఎవరూ ముగ్గు తొక్కరు. నేను ఒక పద్మం దగ్గర ఆగిపోయాను, మా అత్త ఇంకో పద్మం దగ్గర ఆగిపోయింది, బంతి నడుమ ముగ్గులో పడి అక్కడే ఉండిపోయింది. సేవికమ్మ వచ్చి చూసి, తల పట్టుకుని, చీపురు తెప్పించి తనే ఊడ్చింది.

"ఇద్దరూ ఒకచోట నిలబడితే ఎట్లా? ఒకరు నెట్టు దగ్గర ముందు, ఒకరు వెనక కాసుకోవాలి," అని ఆమె నేర్పింది. అక్కడొచ్చింది చిక్కు. నేను ముందు నిలబడితే అత్తకు వీపు చూపించినట్టు. అందుకని పీతలాగా పక్కకు తిరిగి, ఒక కన్ను నెట్టు మీద, ఒక కన్ను అత్త మీద పెట్టి ఆడాను. ఆ రెండు కళ్లకూ బంతి ఒక్కటీ కనపడేది కాదు. సరే, అత్తను ముందు పెట్టి నేను వెనక్కి పోయాను. రెండో బంతికే నేను కొట్టింది పోయి ఆవిడ కొప్పులో ఇరుక్కుంది. ఆవిడ మెల్లగా బంతి పీకి, కొప్పు ముడుచుకుని, "ఊఁ, ఆడు," అంది. నేను ఆ పూట అన్నం తినలేదు (తినొద్దని ఎవరూ అనలేదు, నాకు నేనే వేసుకున్న శిక్ష).

అప్పుడు మా అత్త కోర్టును కూడా ఇంటిలాగే పంచింది. "పొయ్యి వైపు నాది, దొడ్డి వైపు నీది," అంది. పొయ్యి అంటే కుడి, దొడ్డి అంటే ఎడమ. పక్కపక్కనే నిలబడితే ఎవరికీ ఎవరి వీపూ కనపడదు. బాగానే కుదిరింది అనుకున్నాం. నడిమికి వచ్చే బంతి సంగతి మాత్రం ఇద్దరం మాట్లాడుకోలేదు. పెద్దావిడ కదా, ఆవిడదే అని నా లెక్క. వయసు పిల్ల కదా, దానిదే అని ఆవిడ లెక్క. బంతి వచ్చి ఇద్దరి మధ్యా పడేది. పక్కింటి బిడ్డ పడినట్టు ఇద్దరం వంగి దాన్ని చూసేవాళ్లం. నెల రోజులూ అలాగే గడిచింది. నోరు తెరిచి అడిగితే ఒక్క నిమిషంలో తేలేది. అడగడం అనేది నా నోటికి ఇంకా అలవాటు కాలేదు.

ఆట రోజు సాయంత్రం కళ్లం చుట్టూ మా ఊరంతా ఒక పక్క, పాళెమంతా ఇంకో పక్క. మా మామ, మా ఆయన గడ్డివామి నీడలో కూర్చున్నారు. సేవికమ్మ బల్ల మీద మిషను పెట్టించింది, గడ్డిలో చుట్టిన చెక్కపెట్టె. దాని మూత సందులో నుంచి నల్లటి చక్రం కొంచెం కనపడుతోంది. నా కళ్లు అక్కడే ఉన్నాయి. గంపక్క తన చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ చీర మోకాళ్ల పైకి దోపి, సముద్రంలో దిగేవాళ్లలాగా నిలబడ్డారు.

"ఏమక్కా, పొద్దున నెత్తళ్ల చేపలకు చేసినట్టు బేరం చెయ్యబాక. బంతికి రెండో మాట ఉండదు," అంది గంపక్క.

"నీ నెత్తళ్లలో సగం ఇసకే. ముందు బంతి ఎయ్యి, చూద్దాం," అంది మా అత్త.

మొదలైంది. అక్కాచెల్లెళ్లు ఆడుతుంటే ఆ గొంతులకు కళ్లం అదిరిపోయింది. "నాదే", "నీదే మే", "వదిలెయ్, బయటికి పోతా ఉండాది", "ఎనక్కి, ఎనక్కి" అని ఒకటే అరుపులు. అలల హోరులో పడవ మీది మనిషిని పిలిచి పిలిచి వచ్చిన గొంతులు అవి. చెల్లెలు ముందుకు పోతే అక్క వెనక్కి, అక్క పక్కకు జరిగితే చెల్లెలు ఆ ఖాళీలోకి. మా వైపు పెళ్లిచూపుల్లో పిల్ల కూర్చున్నంత నిశ్శబ్దం. మూడో బంతికే గంపక్కకు మా రోగం తెలిసిపోయింది. గెలవాలంటే కష్టపడక్కర్లేదు, ఇద్దరి మధ్యలో వేస్తే చాలు. వేసింది. పదిహేను దగ్గర నీళ్లు తాగడానికి ఆపారు. వాళ్లకు పదిహేను, మాకు ఆరు. ఆ ఆరూ గాలి మాకిచ్చినవే.

మా అత్త చెంబెత్తి నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఆ నడిమి బంతిని ఎందుకే వదిలేస్తా ఉండావు?"

"మీరు కొడతారని."

"నువ్వు కొడతావని నేను. అట్ట ఎన్ని పొయినాయి?"

"ఆరు పోయాయేమో అత్తా."

"తొమ్మిది. నేను ఎంచతానే ఉండా." చెంబు కింద పెట్టింది. "ఇంక పొయ్యీ దొడ్డీ వద్దు. నువ్వు ముందుకు పో, నెట్టు కాడ నిలబడు. ఎనకది నేను చూసుకుంటా."

"మీకు వీపు చూపిస్తూ ఎట్లా..."

"ఏముండాది నీ వీపున, జడేగా. ఈడ నేను నీకు అత్తను కాదు. ఇంటికి పొయినాక అయితాలే." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "నీకు అందే బంతి అయితే నోరు తెరిచి చెప్పు. అసలు నీకు నోరుండాదో లేదో కూడా నాకు తెలవదు. ఆర్నెల్ల నించి వినలా."

నెట్టు దగ్గరికి పోయి నిలబడ్డాను. వీపు మీద ఎవరో దీపం పెట్టినట్టుంది. మొదటి బంతికి "నాది" అన్నాను, నాకే వినపడలేదు. "ఎవరికి చెప్తా ఉండావు, నీ జాకెట్టుకా?" అంది అత్త వెనక నుంచి. రెండో బంతికి కాస్త పైకి వచ్చింది గొంతు. మూడో బంతికి మా ఊరివాళ్లు కూడా విన్నారు. నాకు అందనిది తల మీదుగా పోతే, వెనక వడిసెల చెయ్యి దాన్ని కొట్టిన చప్పుడు వినపడేది. తిరిగి చూడక్కర్లేదు. చూడకుండానే వెనక ఎవరో ఉన్నారని తెలియడంలో ఇంత హాయి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

పన్నెండు, పదిహేను, పంతొమ్మిది. గంపక్క నవ్వు తగ్గింది. అప్పుడు వచ్చింది ఆ బంతి. బాగా పైకి లేచి, గాలికి ఊగుతూ, మా ఇద్దరికీ సరిగ్గా నడుమకు దిగుతోంది. మా అత్త కొంగు బిగించి ముందుకు పరుగెత్తుకొస్తోంది. నేను తల పైకెత్తి వెనక్కి పరుగెత్తుతున్నాను. నాకు అందుతుందని తెలుస్తోంది. ఇంకొక్క అడుగు వేస్తే ఇద్దరం గుద్దుకుంటాం. నోట్లోంచి వచ్చేసింది.

"తప్పుకో అత్తా."

తప్పుకోండి అని కూడా కాదు. తప్పుకో. గొంతు ఎంత లేచిందంటే గడ్డివామి మీది పిట్టలు లేచాయి. మా అత్త తప్పుకుంది. నేను కొట్టాను. గంపక్క నోరు తెరుచుకుని నన్నే చూస్తూ నిలబడింది, ఆమె చెల్లెలు కూడా అంతే, బంతి వాళ్ల కాళ్ల ముందు పడింది. మా మామ గడ్డివామి నీడలో లేచి నిలబడ్డాడు. మా ఆయన తువ్వాలు మొహాన కప్పుకున్నాడు. వెనక నుంచి మా అత్త గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది.

"బాగుండాది. అట్టాంటిదే ఇంకోటి."

అక్కణ్ణించి ఆట ఆటలాగా సాగింది. ఇరవై అయిదు, ఇరవై అయిదు. ఇరవై ఏడు, ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది. ఒక్క బంతి. మిషను చక్రం నాకు అంత దూరం నుంచి మెరుస్తూ కనపడుతోంది. గంపక్క చెల్లెలు కొట్టిన బంతి నెమ్మదిగా, పాపం మమ్మల్ని ఊరిస్తూ వచ్చింది. చంటిపిల్ల కూడా కొట్టగలిగే బంతి. నేను, "నాది," అన్నాను. అదే క్షణంలో మా అత్త, "నాది," అంది. ఇద్దరి గొంతులూ బలంగానే ఉన్నాయి, ఇద్దరం వదల్లేదు. రెండు బ్యాట్లు ఠప్పుమని కొట్టుకున్నాయి. నా బ్యాటు చట్రం విరిగి ఆవిడ చేతి గాజుకు వేలాడింది. బంతి మా నాలుగు కాళ్ల మధ్య చల్లగా కూర్చుంది.

మొదట వదిలేసి తొమ్మిది పోగొట్టాం. చివర వదలక ఒకటి పోగొట్టాం. ఆ ఒకటే మిషను.

చెక్కపెట్టెను పాళెం బండిలోకి ఎక్కిస్తుంటే నేను అవతలికి తిరిగి నిలబడ్డాను. పెళ్లయి గూడూరు వదిలినప్పుడు అందరూ ఏడిస్తే నేను ఏడవలేదు, గట్టి పిల్ల అన్నారు. ఆ రోజు బండి చక్రాల చప్పుడు వింటూ ముక్కు ఎర్రబడేదాకా ఏడ్చాను. మా అత్త బండి దగ్గర గంపక్కతో ఏదో గొణుగుతూ చాలాసేపు నిలబడింది. రేపటి చేపల బేరం ఇప్పుడే మొదలుపెట్టింది కాబోలు, ఈవిడకు ఓడిపోయిన బాధ కూడా లేదు అనుకున్నాను.

ఇంటికి వచ్చాక మా ఆయన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మను తప్పుకోమన్నావే, ఊరందరి ముందర," అన్నాడు. కోపమో నవ్వో తెలియలేదు, ఆయనకే తెలిసినట్టు లేదు. మా మామ విస్తరి ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "ఎంత ఆటైనా, అట్టాంటి మాటలు ఇంట్లో..." అని మొదలుపెట్టాడు.

మా అత్త అన్నం వడ్డిస్తూ తలెత్తలేదు. "తప్పుకోకుంటే ఆ బంతి పొయ్యేది. ఆట సంగతి తెలీనోళ్లు మాట్లాడబాకండి. పులుసు పొయ్యమంటారా?"

పొయ్యమన్నాడు. ఆ విషయం మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నాలుగో రోజు పొద్దున గంపక్క వచ్చి గంప దించింది గానీ చేపల పేరు ఎత్తలేదు. గంప పక్కనే కూర్చుని, "అక్కా, ఆ మిషను," అంది.

"ఏమైంది? గెలిచినోళ్లు మీరేగా."

"బొట్టు పెట్టినాము. దండ ఏసినాము. కుట్టమంటే కుట్టదు. సేవికమ్మ ఒకసారి చూపించి పొయింది, అప్పటికే రెండు సూదులు ఇరిగినాయి. దారం ఏ బొక్కలోంచి ఏ బొక్కలోకి పోతాదో మా పాళెంలో ఒక్కరికీ తెలవదు. మీ కోడల్ని పంపుదునంటివే."

"పంపుదును. ఊరికేనా?" మా అత్త గంప మీది గుడ్డ తొలగించి చూసింది. "వారానికి రెండు దినాలు వస్తాది. వచ్చినప్పుడల్లా మడవ చేపలు, చెయ్యంత పొడుగువి. మా ఊరి ఆడోళ్లు కూడా వచ్చి నేర్చుకుంటారు, అడ్డం చెప్పకూడదు."

"చెయ్యంత యాడ దొరకతాయక్కా, జానెడు."

"మోచెయ్యి."

"సరే, మోచెయ్యి."

నేను తలుపు చాటున నిలబడిపోయాను. పంపుదునంటివే అంది గంపక్క. అంటే ఆ రోజు బండి దగ్గర నిలబడి మా అత్త మాట్లాడింది చేపల సంగతి కాదు. గంపక్క వెళ్లాక ధైర్యం చేసి అడిగాను, నాకు కుట్టు వచ్చని మీకు ఎట్లా తెలుసు అని. "మా ఆడపడుచు బిడ్డకు నువ్వు చేత్తో కుట్టిన చొక్కా చూడలేదనుకున్నావా? ఆ కుట్టు నేను తిప్పి చూసినా. మళ్ల చెయ్యాల్సిన పని నాకు కనపళ్లేదు," అంది, అని బియ్యం చెరగడానికి పోయింది.

ఆ వారమే ఇద్దరం ఇసక దారి పట్టి పాళెం పోయాం. తాటాకు పాక కింద మిషను, దాని చుట్టూ ఇరవై మంది ఆడవాళ్లు, అందరి ఒంటి మీదా చేపల వాసన. మూత తీసి, చక్రం తిప్పి, దారం ఎక్కించి నాలుగు అంగుళాలు కుట్టేసరికి ఆ చప్పుడుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అత్త నా వెనకే చాప మీద కూర్చుంది. సూది వైపు వంగి, "అదేందే, కింద దారం పైకి ఎట్టా వస్తా ఉండాది?" అని అడిగింది. ఆవిడ తనకు తెలియనిది నన్ను అడగడం అదే మొదలు. నేను సూది మీద నుంచి కళ్లు తిప్పకుండానే చెప్పాను. రెండోసారి మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను. ఆ సాయంత్రం ఆవిడా గంపక్కా పాక బయట కూర్చుని ఆ ఆటను మొదటి నుంచి మళ్లీ ఆడారు, నోటితో. ఆ చివరి బంతి ఎవరిదో ఇద్దరికీ కుదరలేదు.

అంత ముసలావిణ్ణి అట్లా పరుగులు పెట్టించామే అని ఆ రోజుల్లో నాకు జాలిగా ఉండేది. మొన్న ఊరికే కూర్చుని లెక్క వేసుకుంటే, ఆ ఆట ఆడేనాటికి మా అత్తకు ముప్పై తొమ్మిదేళ్లు. నా చిన్న కూతురికి ఇప్పుడు అంతకంటే ఎక్కువ. అది మోకాళ్లు నొప్పులంటే, మీ నాయనమ్మ ఇంచుమించు నీ వయసులోనే నాతో కలిసి బ్యాడ్మింటన్ ఆడింది తెలుసా అన్నాను. నమ్మలేదు. ఎలా ఆడేవాళ్లమో చూపిద్దామని చెయ్యి పైకెత్తి లేచాను, సగం దాకా లేచి, మళ్లీ మెల్లగా కూర్చున్నాను. వెనక నుంచి "ఊఁ, ఆడు" అనే ఆవిడ గొంతు లేకపోతే ఆట ఏముంటుంది.